వానలో పాతిన కట్టెలు

బి.ఏ. పాసయ్యాను! ఈ మాట ముందు రాసేస్తే తప్ప మిగతాది రాయడానికి చెయ్యి కుదురుగా ఉండదు. మా ఇంట్లో ఇంతవరకు సంతకం పెట్టినవాళ్లు లేరు. మా తాతది వేలిముద్ర, మా నాయనది వేలిముద్ర. ఆ ఇంటి నుంచి ఒకడు పట్నం పోయి చదువు ముగించుకొని వచ్చాడంటే నలుగురూ వినాలి కదా. కామారెడ్డిలో రైలు దిగి బస్సెక్కింది మొదలు పక్కన కూర్చున్న ప్రతివాళ్లకూ చెప్పాను. పిట్లం పోతున్న ఒక పెద్దమనిషి శ్రద్ధగా విని, "బి.ఏ. అంటే ఎన్నో తరగతి బిడ్డా?" అని అడిగాడు. పద్నాలుగు అన్నాను. "ఇంకెన్నున్నయి?" అన్నాడు జాలిగా.

బాన్సువాడలో దిగి ఇంటికి ఉరికాను. అమ్మ నన్ను పట్టుకొని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, వాడకట్టు మొత్తానికి బెల్లం పాయసం వండుతానంది. "అటక మీద పెద్ద గంగాళం ఉన్నది, దించు" అంది. ఎక్కాను. గంగాళం బరువుగా ఉంది. మూత తీసి చూస్తే పాత ధోవతి గుడ్డలో కట్టిన మూట. ముడి విప్పాను. జానెడు జానెడు కట్టె ముక్కలు, ముప్పై నలభై దాకా ఉంటాయి. ఒక కొన చెక్కి మొన చేశారు. రెండో కొనన కత్తి గాట్లు.

ఆ కట్టెలు కాలిపోయాయని ఏడేళ్లుగా అనుకుంటున్నాను.

"అమ్మా, తండా అవ్వకు చెప్పిరావాలె. ఇప్పుడే పోతా" అన్నాను అటక మీది నుంచే.

కింద అమ్మ కొంచెం ఆగి, "అవ్వ లేదురా. ఎండలల్ల పోయింది. నీకు పరీక్షలని ఖబురు పంపలె" అంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆమెకు నచ్చదు. పేరు కాగితం మీదికెక్కితే ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఏం ఎరుక అనేది. ఒకసారి నేను సరదాగా ఆమె పేరు మట్టిలో రాసి చూపిస్తే, చదవడం రాని ఆ మనిషి అటూ ఇటూ చూసి కాలితో చెరిపేసింది.

మా చెల్కకు, అంటే వాన తప్ప మరో దిక్కు లేని మా మెట్టభూమికి, అవతల గుట్ట వారన ఉన్న తండా ఆమెది. మోచేతుల దాకా తెల్లటి ఎముక గాజులు. లంగా నిండా అద్దాలు, వాటిలో సగం రాలిపోయి గూళ్లు మాత్రం మిగిలాయి. నడుముకు సొరకాయ బుర్ర, దాన్నిండా ఆమె ఇంటి నీళ్లు. ఎవరింటికి పోయినా తన నీళ్లు తనతో ఉండాల్సిందే. మా ఇంట్లో అమ్మ చెంబు చేతికిస్తే ముందు విచారణ జరిగేది.

"ఏ బావిది?"

"మాదే అవ్వా."

"ఎప్పుడు తోడినవ్?"

"పొద్దుగాల."

"వడకట్టినవా?"

"కట్టిన."

అప్పుడు దోసిట్లో కొంచెం పోసుకొని, ఎండకు పట్టి చూసి, వాసన చూసి తాగేది. ఆఖరి గుక్క మాత్రం తాగేది కాదు. దాన్ని పెరట్లో బీరతీగ మొదట్లో పోసి, అది ఇంకేదాకా నిలబడి చూసేది. ఇంకకుండా పక్కకు పారితే నేలను తిట్టేది.

వానొస్తే మనుషులు ఇళ్లలోకి ఉరుకుతారు. ఆమె గొంగడి నెత్తిన కప్పుకొని బయటికి పోయేది. మేమంతా మబ్బు కోసం పైకి చూస్తే ఆమె కిందికి చూసేది. ఎవరినో వెంబడిస్తున్న పోలీసు మాదిరి, పారే నీళ్ల వెంట వంగి వంగి నడిచేది. నీళ్లు ఆగితే ఆగేది. నీళ్లు మలిగితే మలిగేది. నడుస్తూ నడుస్తూ చంకలోని కట్టెల్లోంచి ఒకటి తీసి నేలలో పాతేది. అది తన భూమా మంది భూమా అని లేదు. ఏం చేస్తున్నావని అడిగితే ఒకటే జవాబు, "నీకెందుకు?"

ఇంత చాలదా అనుమానానికి? మంత్రం వేస్తున్నదని కొందరు, ఎక్కడో పాతిపెట్టిన లంకెబిందెలకు గుర్తులు పెడుతున్నదని కొందరు అన్నారు. మా నాయన ఈ రెండూ నమ్మలేదు. ఆయన అనుమానం వేరు.

మా అసలు ఊరు నిజాంసాగర్ నీళ్ల కింద ఉంది. కట్ట కట్టినప్పుడు లేచి వచ్చి, బాన్సువాడ పక్కన ఈ మెట్ట మీద పడ్డాం. మా ఊరిని ముంచిన నీళ్లు కాలువలో మా కళ్ల ముందు నుంచే కిందికి పోయేవి. కింద చెరుకు తోటలు, వరి మళ్లు. మెట్ట మీదికి కాలువ ఎక్కదు. మాకు ఉన్నదల్లా ఒక్క బావి. అది కూడా ఎండలు ముదిరేసరికి అడుగంటేది. ఊరు మునిగిన కథను నాయన ఎప్పుడూ ఒకే తీరుగా చెప్పేవాడు.

"ముందు కట్టెలొచ్చినయి. పొలంల కట్టె పాతిపోతే పిల్లలాడుకునేటందుకేమో అనుకున్నం. ఎనుక సున్నపు గీతలొచ్చినయి. ఆ ఎనుక నీళ్లొచ్చినయి."

అందుకే భూమిలో కట్టె కనబడితే ఆయన పాణం పోయేది. దానికి తోడు ఆ అవ్వ కట్ట పని దగ్గర రెండేళ్లు మట్టి మోసింది. మట్టి మోయడమే కాదు, ఇంజనీరు దొర అద్దంలోంచి చూస్తుంటే ఎదురుగా పొడుగు కట్టె పట్టుకొని నిలబడింది. ఆమె తండా కూడా ఆ నీళ్లకే లేచింది. ఆ సంగతి మాత్రం నాయన లెక్కలోకి తీసుకోలేదు.

"దొర మనిషి అది. మల్ల ఏదో మునుగుతది, చూస్కో" అనేవాడు.

నేను అప్పుడు బాన్సువాడ బడిలో ఎనిమిదో తరగతి. ఒకరోజు వాన వెలిసాక నాయన చెల్కలోంచి ఒక కట్టె పీకి తెచ్చాడు. బురద తుడిచి, రెండు చేతులతో పట్టుకొని నా ముందు పెట్టాడు.

"గిది సదువు" అన్నాడు.

రెండు నిలువు గాట్లు, వాటి మీదుగా ఒక అడ్డ గాటు. ఉర్దూ కాదు, తెలుగు కాదు, ఇంగ్లీషు అంతకంటే కాదు. తిప్పి చూశాను. తలకిందులు చేసి చూశాను. నాయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఎండనకా వాననకా నన్ను బడికి పంపింది ఇలాంటి రోజు కోసమే కదా అన్నట్టుంది ఆ చూపు. నాకు రాదు అనడానికి నోరు పెగల్లేదు.

"సర్కారు నంబరు నాయినా."

"ఎంత?"

"పదమూడు."

పదమూడు ఎందుకో ఈనాటికీ చెప్పలేను. నోటికి అదే వచ్చింది. నాయన "అమ్మో" అని నేల మీద కూర్చుండిపోయాడు. భయంతో కూర్చున్నాడు, కాని ఆ భయం అంచున నా కొడుకు చదివాడన్న గర్వం కూడా ఉంది. ఆ సాయంత్రమే చెల్కలో ఉన్న కట్టెలన్నీ పీకేశాడు. చుట్టుపక్కల రైతులకు చెప్పాడు, వాళ్లూ పీకారు. ఆ ఏడు అప్పటిదాకా పడ్డ మూడు వానలకు ఆమె పాతినవేవీ మిగల్లేదు.

నాలుగో రోజు ఆమె మా వాకిట్లోకి వచ్చింది. చెంబు ఇవ్వబోతే తీసుకోలేదు.

"కట్టెలేవి పటేలా?"

"కాలవెట్టిన. నా భూమిల నన్నడగకుంట కట్టెలెట్ల పాతినవ్?"

"అడిగితే ఒద్దంటవ్."

"అంటే? ఒద్దనే పని చేస్తున్నట్టే కద!"

"తండోళ్లు నీళ్ల కోసం నీ భూమి మీద పడ్డరంటవ్. నాకెర్క లేదా నీ సంగతి?"

"నాకూ ఎర్కనే నీ సంగతి. నంబర్లేసుడు గూడ ఎర్కనే. నా కొడుకు సదివిండు."

ఆమె నా వైపు తిరిగింది. నేను గడపలో నిలబడి ఉన్నాను.

"ఏం నంబరు బిడ్డా?" అని అడిగింది. మెల్లగా అడిగింది.

పారిపోవాలనిపించింది. నాయన పక్కనే ఉన్నాడు. "పదమూడు" అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. నా దొంగతనం పట్టుకున్నదని, ఇప్పుడు బయటపెడుతుందని ఎదురుచూశాను. ఆమె గొంగడి సర్దుకొని, వచ్చిన దారినే పోయింది. నన్ను కాపాడిందనుకున్నాను. ఎందుకు కాపాడిందో అర్థం కాక ఆమె మీద నాకూ అనుమానం మొదలైంది. దీనికి బదులు నా నుంచి ఏం అడుగుతుందో అని, ఆమె ఎదురైతే సందు మలిగి పోయేవాణ్ని.

ఆ ఏడు మళ్లీ గట్టి వాన పడలేదు. పడ్డ రెండు చిన్న జల్లులకు ఆమె బయటికి రాలేదు. గొంగడి కనబడలేదు, కట్టెలు కనబడలేదు. నాయనకు అదీ అనుమానమే. "దొరకు చెప్పిపోయినట్టుంది" అన్నాడు.

ఎండాకాలం వచ్చింది. బావిలో బొక్కెన వేస్తే రాయికి తగిలి మోగేది. కాలువ మరమ్మతని బంద్ పెట్టారు. అమ్మ తెల్లవారుతూనే రెండు కుండలతో మంజీర దాకా నడిచిపోయేది. ఎండిన ఏటిలో ఇసుక తోడి చెలిమె చేసి, అందులోకి ఊరిన నీళ్లను చిప్పతో ఎత్తి కుండ నింపుకునేది. కుండ నిండేసరికి ఎండెక్కేది. ఒకరోజు తిరిగి వస్తూ ఒడ్డెక్కుతున్నప్పుడు జారింది. కుండలు పగిలాయి, భుజం తప్పింది. పక్కింటావిడ చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. అమ్మ నొప్పికి ఏడవలేదు. "నిండు కుండలురా, రెండూ నిండు కుండలు" అని ఏడ్చింది.

అప్పటిదాకా నా పదమూడు ఒక మాట మాత్రమే. ఆ రోజు దాన్ని అమ్మ భుజం మీద చూశాను. ఆ కట్టెలకూ నీళ్లకూ ఏదో సంబంధం ఉందని లోపల తెలుసు నాకు. వానలో తడుస్తూ ఎవరూ ఊరికే తిరగరు కదా.

పొద్దు వాలుతుండగా తండాకు పోయాను. ఆమె గుడిసె ముందు కూర్చొని లంగాకు అద్దం కుడుతోంది. పక్కన నీళ్ల కుండ, దాని మూతికి గుడ్డ కట్టి, ఆ గుడ్డకు మళ్లీ రెండు ముళ్లు.

"అవ్వా, ఆ కట్టె మీద నంబరు లేదు" అన్నాను.

సూది ఆగింది. "ఏమంటున్నవ్?"

"నాకు చదువరాలె. నాయినకు రాదని చెప్పబుద్ధి కాలె. ఉత్తగనే పదమూడన్న. నీకు ఎర్కనే కద."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

"సర్కారు రాత లేదా దాని మీద?"

నేను బిత్తరపోయి చూశాను. ఆమె మొహంలో వెటకారం లేదు.

"లేదు అవ్వా."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఆమె కుడుతున్న లంగాను ఒళ్లోంచి పక్కన పెట్టింది. "నాకేం ఎర్క బిడ్డా" అంది. "గాటు పెట్టుడు దొర దగ్గరనే నేర్సిన. దొర గాట్లల్ల ఏమున్నదో దొరకే ఎర్క. నా ఇష్టమున్నట్టు నేను గాట్లు పెట్టుకుంటున్న అనుకున్న. నువ్వు సదువుకున్నోనివి. నువ్వు పదమూడంటే, నాకే కనవడకుంట సర్కారు నా చేతిల కూసున్నదేమో అనిపించింది. మా తండాను మల్ల లేవగొట్టుడు నా చేతులతోనే అయితుందేమో అని నిద్ర లేదు. ఇంట్ల ఉన్న కట్టెలన్ని పొయ్యిల పెట్టిన."

వాకిట్లో ఆమె నన్ను అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది. నన్ను పట్టుకున్నదనుకున్నాను. కాదు. నా మాట నమ్మి భయపడింది. ఏడాది పొడుగునా ఎవరి మాటా నమ్మని మనిషి, ఆ ఒక్క మాట నమ్మింది. అది నేను చెప్పిన అబద్ధం.

నేను ఏడుస్తున్నానని ఆమె చూసినట్టుంది. ఒక ఎండుపుల్ల తీసుకొని పిక్క మీద ఒక్కటి వేసింది. తర్వాత తన భాషలో ఏదో గొణిగి, నవ్వడం మొదలుపెట్టింది. గాజులన్నీ గలగలలాడేటట్టు నవ్వింది.

"ఎట్లుండె ఆ కట్టె? గాట్లెన్ని?"

"రెండు నిలువు. ఒకటి అడ్డం."

"ఓరి నీ... నా మంచి కట్టెనే పదమూడు చేసినవ్ కద పోరగా!"

ఒక గాటు అంటే నీళ్లు ఉరికిన చోటు. రెండు గాట్లంటే నీళ్లు నిలిచిన చోటు. మీద అడ్డ గాటు ఉంటే, నిలిచిన నీళ్లను సాయంత్రానికల్లా భూమి తాగేసిన చోటు. నాయన నాకు తెచ్చిచ్చింది అన్నిట్లోకి మంచి చోటు.

"నీళ్లు దొంగ బిడ్డా. ఉరికెటోన్ని పట్టలేం. వాన్ని నడిపియ్యాలె. నడిచెటోడు కూసుంటడు. కూసున్నోడు పంటడు. పన్నోన్ని భూమి మింగుతది. మీ బావిల, మా గుంటల లేచెటోడు వాడే. నీళ్లు నిలవడ్డ అంచు పొంటి కట్టె పాతుకుంట పోతే, ఆ కట్టెల పొంటి రాళ్లు పేర్సాలె. అంచు వానలనే కనవడతది. ఎండల కనవడదు. గందుకే వానల పోత. గింతే."

గింతే! ఈ గింతే కోసం ఒక ఏడాది వాన కిందికి పోయింది.

వెంటనే ఆమె కళ్లు చిన్నవయ్యాయి. "అప్పుడు అబద్ధమాడినవ్. ఇప్పుడు నిజం చెప్తున్నవని ఎట్ల నమ్మాలె? నడువ్. మీ నాయిన ముంగట చెప్పు. అప్పుడు నమ్ముత."

చెప్పాను. అమ్మ భుజానికి కట్టు కట్టుకొని మంచంలో ఉంది. నాయన చుట్ట ఆర్పి విన్నాడు. ఇక బడి మాన్పిస్తాడనే అనుకున్నాను.

"అంటే నీకు సదువు రాదా?" అన్నాడు.

"వస్తది నాయినా. గిది రాదు."

ఆయన నన్ను వదిలి ఆమె వైపు తిరిగాడు. "ఈ పోరడు నీ దిక్కు ఎప్పుడైండు? ఏం పెట్టినవ్ వీనికి?"

"నీళ్లు గూడ పెట్టలె. నా నీళ్లు నేనెవ్వరికియ్య."

మంచంలోంచి అమ్మ నవ్వింది. భుజం నొప్పికి "అబ్బా" అని మళ్లీ నవ్వింది. నాయన నవ్వలేదు. "వానలు పడని. నేను నిలవడి చూస్త" అన్నాడు.

"చూడు పటేలా. నన్ను నమ్మకు. నీళ్లను గూడ నమ్మకు. చూడు."

బడి మాట ఎత్తలేదు. నేను బతికిపోయాను.

తొలి గట్టి వానకు ముగ్గురం చెల్కలో ఉన్నాం. ఆమె ముందు, కొత్త కట్టెల మోపుతో నేను వెనక, చేతులు కట్టుకొని నాయన పక్కన. ఆమె మలిగితే ఆయన మలిగేవాడు. దొంగను వెంబడిస్తున్న పోలీసును ఇంకో పోలీసు వెంబడిస్తున్నట్టుంది. ఒకచోట నీళ్లు నురగతో వచ్చి, నేల కొంచెం సమంగా ఉన్న దగ్గర వంకర అంచుతో ఆగాయి. ఆమె ఆ అంచు పొడుగునా వంగి పాతుతూ పోయింది. నాయన అక్కడే గొంతుకూర్చొని, అంచును వేలితో తాకి చూశాడు. వాన ఆగాక కూడా లేవలేదు. సాయంత్రానికి నీళ్లు లేవు, తడి మన్ను మాత్రం ఉంది. "ఏడికి పోయినయి?" అన్నాడు తనలో తాను.

రాళ్లు పేర్చింది ఆమె, తండా ఆడవాళ్లు ఇద్దరు, నేను. నాయన ఒక్క రాయి కూడా ముట్టలేదని ఈనాటికీ చెప్పుకుంటాడు. కాని ఒకరోజు మేము అన్నానికి పోయి వచ్చేసరికి, మా నలుగురికీ కదలని బండ ఒకటి వరుసలోకి వచ్చి కూర్చుంది. ఆయన చెల్క గట్టున, గెనెం మీద కూర్చొని చుట్ట తాగుతున్నాడు. బొటనవేలు పగిలి ఉంది. ఎవరూ అడగలేదు.

ఆ పనయ్యాక ఆమె అమ్మతో బావి తాడుకు ముళ్లు వేయించింది. ఒక్కో బారకు ఒక్కో ముడి. అప్పటి నుంచి ఎప్పుడొచ్చినా మంచిచెడ్డలు లేవు, ఒకటే ప్రశ్న.

"ముళ్లెన్ని?"

"ఎనిమిది అవ్వా" అనేది అమ్మ, తాడు ఎన్ని ముళ్లు దిగితే బొక్కెన నీళ్లకు తగిలిందో గుర్తుపెట్టుకొని.

ఆమె నమ్మేది కాదు. తానే పోయి, బొక్కెన వదిలి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. ఎనిమిదే. అయినా తాడు పైకి లాగి మళ్లీ వదిలేది. "మొదటిపాలి చెయ్యి అబద్ధమాడతది" అనేది. మొదటి ఎండాకాలం తొమ్మిదో ముడి దగ్గర బొక్కెన రాయిని తాకింది. రెండో ఏడు ఎనిమిది ముళ్లకు నీళ్లు. తర్వాత ఇంకో రాళ్ల వరుస, ఏడు ముళ్లు. అమ్మ మంజీరకు పోవడం మానేసింది. తండా గుంటలో కూడా నీళ్లు నిలిచాయి. ఇంత జరిగినా ఆమె మొహంలో సంబరం చూడలేదు నేను. "చూస్కోవాలె. దొంగకు తొవ్వ దొరకకుంట చూస్కోవాలె" అంటూ ప్రతి వానకూ వరుసల వెంట తిరిగేది, రాయి జరిగిందేమోనని.

నన్ను మాత్రం అప్పటి నుంచి పేరు పెట్టి పిలవలేదు. "ఏం పదమూడూ, బడికా?" "పదమూడూ, మోపు పట్టు." నలుగురిలో అలా పిలిస్తే సిగ్గుతో చచ్చేవాణ్ని. వేరేవాళ్లకు ఆ పేరు ఎందుకో తెలియదు. అదొక్కటే ఊరట.

పట్నంలో చేరిన తొలి ఏడు సెలవులకు వచ్చి, నేను చూసిన వింతలన్నీ ఆమెకు చెప్పాను. గోడకు ఇత్తడి నల్లా ఉంటుందనీ, తిప్పితే నీళ్లు వస్తాయనీ, తోడేది లేదు మోసేది లేదనీ గొప్పగా చెప్పాను.

"ఏడి నీళ్లవి?"

"చెరువుల నుంచొస్తయి. పెద్ద చెరువులు, పట్నం అవతల."

"ఆ చెరువుల కింద ఎవరి ఊరున్నది?"

నాకు తెలియదు. అప్పటిదాకా ఆ ప్రశ్న నాకు రాలేదు. నల్లా తిప్పే మా హాస్టలు పిల్లల్లో ఎవరికీ వచ్చి ఉండదు. నా తడబాటు చూసి, "మల్ల పదమూడు అంటవేమో, అనకు" అంది. తిరిగిపోయాక హాస్టల్లో ఇద్దరు ముగ్గురిని అడిగాను. నన్ను విచిత్రంగా చూశారు. ఒకడైతే, "నల్లాకు ఊరేందిరా?" అన్నాడు. కాని ఆనాటి నుంచి నల్లా తెరిచి వదిలి మొహం కడుక్కోలేకపోయాను. చెంబులో పట్టుకుంటే నవ్వేవాళ్లు.

పోయిన దసరా సెలవుల్లో కలిసినప్పుడు, ఇంక ఒక్క పరీక్షేనని, బి.ఏ. అయిపోతానని చెప్పాను. బాగా వంగిపోయింది అప్పటికి. గాజులు మోచేతి దగ్గర వదులై జారుతున్నాయి. "ముళ్లెన్ని?" అంది. పొద్దున్నే వచ్చాను, బావి దగ్గరికే పోలేదు. "చూడలేదు అవ్వా" అన్నాను. "చూసిరా పో. ఎనుక చెప్పు నీ సదువు ముచ్చట" అంది. సాయంత్రం పోదామనుకున్నాను. స్నేహితులు వచ్చారు. పోలేదు. చెప్పలేదు. అదే ఆఖరు.

గంగాళం దించుకొని కిందికి వచ్చేసరికి వాకిలి నిండా జనం. పాయసం వాసనకు ముందే వచ్చినవాళ్లు కొందరు, బి.ఏ. అంటే ఏముంటుందో చూడటానికి వచ్చినవాళ్లు కొందరు. నాయన నా చేతిలో మూట చూశాడు.

"కాలవెట్టిన అన్నవ్ కద నాయినా?"

"సర్కారు కట్టెలు కాలవెడితే కేసయితే?"

"సర్కారువి కావని చెప్తిమి కద!"

"నువ్వు కాదంటివి, అవ్వ కాదనె. ఇద్దరు ఒక్కతీరు చెప్పిన్రంటే ఏదో ఉన్నట్టే కద" అన్నాడు. ఏడేళ్లుగా ఆ కట్టెల కింద పడుకున్న మనిషి. తర్వాత ఒక్కొక్క కట్టె తీసి నేల మీద వరుసగా పెట్టాడు. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. "ఇప్పుడు బి.ఏ. అయినవ్. మల్లొకసారి సదువు."

జనం దగ్గరికి జరిగారు. అమ్మ గరిటె పట్టుకొని గడపలోకి వచ్చింది.

నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. పట్నంలో ఏ పరీక్షకూ ఇంత ధైర్యంగా కూర్చోలేదు. ఒకటి తీశాను. "నీళ్లు ఉరికినయి." ఇంకోటి. "నిలవడ్డయి." ఇంకోటి. "నిలవడ్డయి, భూమి తాగింది." గడగడా చదువుకుంటూ పోయాను. జనం తలలూపుతున్నారు. నాయన ఒక్కొక్క కట్టెను వెలుతురుకు పట్టి, నేను చెప్పింది దాని మీద ఉందో లేదో చూసుకొని, పక్కన పెడుతున్నాడు.

ఆఖరి కట్టె దగ్గర ఆగాను. దాని మీద నిలువు గాట్లు లేవు, అడ్డ గాటు లేదు. చుట్టూ తిరిగేటట్టు మూడు గీతలు, ఒకదాని కింద ఒకటి. ఆమె ఎన్నడూ నాకు చెప్పని గుర్తు. తిప్పి చూశాను. తలకిందులు చేసి చూశాను.

"ఏముంది?" అన్నాడు నాయన.

మూడు వానలని చెప్పవచ్చు. మూడు బారలని చెప్పవచ్చు. కాదనేవాళ్లు ఎవరూ లేరు, కాదనగలిగిన ఒక్కరూ ఎండల్లో పోయారు. మాట నాలుక కొన దాకా వచ్చింది.

"గిది నాకు రాదు నాయినా" అన్నాను.

"బి.ఏ. అయినంక గూడ?"

"అయినంక గూడ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాయన మాత్రం నన్ను చాలాసేపు చూశాడు. ఆ కట్టెను నా చేతిలోంచి తీసుకొని, అటూ ఇటూ తిప్పి, గొంతు తగ్గించి అన్నాడు.

"అట్లయితే గిదొక్కటి సర్కారుదే."

ధోవతి గుడ్డలో దాన్నొక్కదాన్నే చుట్టి, మూడు ముళ్లు వేసి, మళ్లీ అటక ఎక్కించాడు.

నేను పాయసం కోసం ఆగకుండానే పెరటి దారిన బావి దగ్గరికి పోయాను. మబ్బు పట్టి ఉంది, వాన ఇంకా పడలేదు. బావిలో నీళ్లు ఎప్పటికంటే తక్కువగా ఉండే రోజులివి. బొక్కెన వదిలాను. ఒక్కొక్క ముడి అరచేతిలోంచి గరుకుగా జారుతూ పోయింది. నాలుగు, ఐదు, ఆరు. కింద నీళ్ల చప్పుడైంది.

ఆరు ముళ్లు. నిండు ఎండాకాలం తర్వాత ఆరు ముళ్లు! ఎవరికైనా చెప్పాలని నోటి దాకా వచ్చింది.

ఆగాను. తాడు పైకి లాగి, బొక్కెన మళ్లీ వదిలి, ఒకటి నుంచి లెక్కపెట్టాను.